చుట్ట మానితే నాటుకోడి

చేపల షెడ్డులో కోడి కూసిందంటే మీరు నమ్ముతారా? కూసింది. ఒకటి కాదు, పందొమ్మిది కోళ్ళు. కొన్ని కూశాయి, కొన్ని కొక్కరించాయి, ఒక పుంజయితే ఐసు దిమ్మ మీదికెక్కి కాళ్ళు చల్లబడి చిందులు తొక్కింది. ఆ గోల మధ్య మా ఓనరు గారు నిలబడి, "ఏమయ్యా మేనేజరూ, మనం లారీల్లో పంపేది చేపలేనా?" అని అడిగారు. ఆ పూట నా ఉద్యోగం ఎలా మిగిలిందో చెప్పడం కష్టం. ఆ కోళ్ళు ఎలా వచ్చాయో చెప్పడం మాత్రం తేలిక. నేనే తెచ్చాను. కామవరపుకోట వైపు నుంచి బుట్టల్లో పెట్టించి, ఆటో కట్టించుకుని, ఒళ్ళో పెట్టుకున్నంత జాగ్రత్తగా తెచ్చాను.

అప్పుడు నాకు పాతికేళ్ళు. మాది తాడేపల్లిగూడెం. ఏలూరులో ఎంబీఏ పూర్తిచేసి, ఆకివీడులో ఒక చేపల ప్యాకింగ్ షెడ్డుకి మేనేజరుగా చేరాను. మనుషుల్ని ఎలా నడిపించాలో రెండేళ్ళు నేర్పారు గానీ, బొచ్చె చేపకీ శీలావతికీ తేడా ఎవరూ నేర్పలేదు. మొదటి రోజే శీలావతి చేపల ట్రేల మీద "బొచ్చె" అని చీటీలు అంటించేశాను. షెడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వని మనిషి ఒక్కరే, సత్యం గారు.

సత్యం గారు కాటా దగ్గర మనిషి. చెరువుల నుంచి వచ్చిన చేపని తూచి, బరువు పైకి చదవడం ఆయన పని. అరవై దాటాయి. నన్ను పక్కకి పిలిచి, నా పరువు పోకుండా నెమ్మదిగా చెప్పారు. "చూడండి బాబూ, తలకాయ పెద్దగా ఉండి, నోరు పైకి తిరిగి, ఇప్పుడు మీరున్నట్టు ఆశ్చర్యపోతున్నట్టుంటే అది బొచ్చె అండి. సన్నగా, మర్యాదగా ఉంటే శీలావతండి."

ఆ రోజు నుంచి నాకు ఆయనే గురువు. మధ్యాహ్నం ఆయన క్యారేజీలో నాకో వాటా ఉండేది. ఇంత మంచి మనిషికి ఒక్కటే లోపం. ఆయన నోటి మూల ఎప్పుడూ ఒక లంక పొగాకు చుట్ట ఉండేది. అది ఆరిపోయినా ఉండేది. ఆయన కన్నా ముందు చుట్ట పుట్టి, తర్వాత దాని చివర ఆయన పుట్టారేమో అనిపించేది.

చుట్ట వెంట దగ్గు. "నలభై... ఖళ్ళు ఖళ్ళు... రెండు" అని ఆయన చదివితే, రాసుకునేవాడు "నలభై అండి, రెండా అండి?" అని అడిగేవాడు. అడిగేలోపు ఇంకో దగ్గు. ఒకరోజు ఆ దగ్గు ఆగలేదు. ఆయన కాటా వదిలేసి ట్రేల మీద కూలబడ్డారు. మొహం నల్లబడింది. బండి మీద ఎక్కించుకుని ఏలూరు తీసుకెళ్ళాను.

డాక్టరు గారు ఫొటో తీయించి, చూసి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. డాక్టర్లు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెడితే మంచి మాట చెప్పరు. "ఊపిరితిత్తులు చాలావరకు పాడయ్యాయి. చుట్ట మానితే మిగిలినవి మిగుల్తాయి. మానకపోతే నా దగ్గర మందు లేదు" అన్నారు.

తిరిగి వస్తుంటే కొల్లేరు మధ్య రోడ్డు మీద సత్యం గారు నా భుజం తట్టి, "ఒక్క నిమిషం ఆపండి బాబూ" అన్నారు. కొంగల్ని చూస్తారనుకున్నాను. పెద్దాయన మనసు కదిలిపోయింది, నీళ్ళ వైపు చూస్తూ జీవితం గురించి ఆలోచించుకుంటారు అనుకున్నాను. ఆయన చుట్ట తీసి వెలిగించారు.

"సత్యం గారూ! ఇప్పుడే కదండీ డాక్టరు గారు చెప్పింది?"

"అదేనండి. ఆయన భయపెట్టేశారు కదండీ. ఆ భయం తగ్గాలి కదా బాబూ."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు. నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే ఒక వీడియో కనపడింది. ఎక్కడో విదేశంలో పొగ మానినవాళ్ళకి బహుమతులిస్తారట. మానేకొద్దీ ఇస్తారట. అక్కడ వాళ్ళు ఊది చూపించడానికి ఏదో మీటరు కూడా ఉంది. మీటరు సంగతి నేను పట్టించుకోలేదు. బహుమతి సంగతి మాత్రం పట్టేసుకున్నాను. వినాశకాలే విపరీత బుద్ధి అంటారు. నాది ఎంబీఏ బుద్ధి, దానికి కాలంతో పని లేదు.

మర్నాడు ఓనరు గారికి ఫోన్ చేసి, "పనివాళ్ళ ఆరోగ్యం కోసం చిన్న పథకం పెడదామండి" అన్నాను. "ఆరోగ్యమా? మంచిదే, చెయ్" అన్నారాయన. కోడి మాట నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. ఇద్దరిదీ తప్పే, కానీ శిక్ష ఒక్కడికే.

షెడ్డులో అందరినీ నిలబెట్టి ప్రకటించాను. "ఎవరైతే వారం రోజులు చుట్ట, బీడీ, సిగరెట్టు ముట్టరో, వాళ్ళకి శనివారం సాయంత్రం రెండు కిలోల శీలావతి బహుమతి!"

వెనక నుంచి ఎవరో అన్నారు: "చేపల షెడ్డులో చేప బహుమతేంటండీ? పొద్దుట్నుంచీ దాని మొహమే కదండీ చూస్తన్నాం."

"మరేం కావాలి?"

"నాటుకోడండి!" పది గొంతులు ఒకేసారి.

ఆయ్, నాటుకోడే ఖాయం చేశాను. ఏడుగురు పేర్లిచ్చారు. మొదటి పేరు సత్యం గారిది. నా వంక చూసి నవ్వుతూ, "రాసుకోండి బాబూ" అన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకుందట వెనకటికో ముసలమ్మ. నేనూ అంతే. నా కోడి లేకపోతే ఆకివీడులో ఎవరూ చుట్ట మానలేరనుకున్నాను.

శనివారం పరీక్ష. మీటరు లేదు కాబట్టి నా ముక్కే మీటరు. ఏడుగురూ వరసలో నిలబడి ఒక్కొక్కరే నా మొహం మీద ఊదారు. చేపల షెడ్డులో నిలబడి చుట్ట వాసన పట్టడమంటే, సంతలో నిలబడి చీమ దగ్గు వినడం లాంటిది. అయినా పట్టాను. ఏడు నోళ్ళలోనూ ఒకటే వాసన, కమ్మటి జామాకు వాసన. "శభాష్! ఏడుగురూ నెగ్గారు!" అని ఏడు కోళ్ళు పంచాను. షెడ్డు వెనక ఉన్న జామచెట్టు ఆ వారంలో గుండు కొట్టించుకున్నట్టు బోడిగా ఎందుకైందో ఆలోచించే తీరిక నాకు లేదు.

సోమవారం పొద్దున మరియమ్మ వచ్చింది. మరియమ్మ ట్రేలు కడిగే మనిషి. ఆమె భర్త దేవదానం మా దగ్గరే ట్రేలు మోస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి, కానీ చర్చిలో పాట ఎత్తుకుంటే రోడ్డున పోయేవాళ్ళు సైకిలు దిగి వింటారు. పొగ అన్నది ఎరగడు. ఆ దంపతుల్లో మాట్లాడే పనంతా మరియమ్మదే.

"ఏవండీ మేనేజరు గారూ, మా ఆయన చేసిన పాపమేంటండి?"

"ఏమైందమ్మా?"

"ఇరవై ఏళ్ళనుంచీ చూస్తన్నానండి, బీడీ ముక్క ముట్టుకోలేదండి ఆ మడిసి. ఊరంతా నిన్న కోడి వండుకున్నారు. మాకు మసాలా వాసన వచ్చిందండి. వాసనేనండి వచ్చింది."

"ఇది పొగ మానినవాళ్ళకమ్మా."

"ఆయనెప్పుడో మానేశారండి."

"మొదలుపెట్టకుండా మానేయడమేమిటమ్మా?"

"అంటే మొదలెట్టాలంటారా?"

పాఠకులారా, ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఇవాళ గౌరవంగా బతికేవాణ్ణి. అప్పటికే రెండు లారీలు గేటు దగ్గర హారన్లు కొడుతున్నాయి. కాగితాలు సర్దుకుంటూ, నవ్వుతూ, "అయితే మొదలెట్టమనమ్మా" అనేశాను.

ఆమె నవ్వలేదు. "ఆయ్, అలాగేనండి" అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం షెడ్డు వెనక్కి వెళితే దేవదానం బోడి జామచెట్టు కింద కూర్చుని కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుస్తున్నాడు. పక్కనే సత్యం గారు. నేను పరుగున వెళ్ళాను. "ఏమైంది దేవదానం? ఎవరైనా పోయారా?"

"లేదండి," అన్నాడు వెక్కుతూ. "చుట్టండి."

సత్యం గారు నాకు కనపడకుండా చేతిలోది వెనక్కి దాచి, "ఏం లేదు బాబూ, ఇంటిదానికి మాటిచ్చాడంట. రెండు పీల్పులు నేర్పమని కాళ్ళ మీద పడ్డాడు" అన్నారు. అంతలోనే గురువులకి ఉండే అలవాటు ఆగక, "ఓరి నీ దుంపతెగ, మింగకూడదయ్యా! అది పొగ, పాయసం కాదు" అని శిష్యుణ్ణి మందలించారు.

నేనక్కడే ఆపించి ఉండాలి. నవ్వుకుంటూ వెళ్ళిపోయాను. ఒక్క చుట్టకే కళ్ళు తేలేసినవాడు రెండోది ముట్టుకుంటాడా అనుకున్నాను.

కానీ మరియమ్మ బావి దగ్గర ఈ సంగతి చెప్పిందట. చెప్పడమంటే, మేనేజరు గారి ఆర్డరని చెప్పిందట. ఇంక చూడండి. బుధవారానికల్లా ఒక్కొక్క ఇల్లాలూ ఒక్కొక్క మొగుణ్ణి వెంటబెట్టుకుని నా గది ముందు నిలబడింది. "మా ఆయన నిన్నట్నుంచి కాలుస్తన్నారండి, పేరు రాసుకోండి." "మా ఆయనకి బీడీ పడట్లేదండి, సిగరెట్టయితే లెక్కలోకి వస్తుందాండి?" ఒకామె మొగుడైతే నా ఎదుటే బీడీ వెలిగించి, తలకిందుగా నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాడు. ఏడు పేర్లు పందొమ్మిదయ్యాయి. కొత్తవాళ్ళకి వారం నిండాలని ఆ శనివారం పరీక్షని పై శనివారానికి జరిపాను. చెడపకురా చెడేవు అన్నారు పెద్దలు. మాన్పించకురా, మొదలెట్టేరు అని వాళ్ళకి తెలియదు, పాపం, వాళ్ళు ఎంబీఏ చదవలేదు.

ఆపేద్దామని నాకు తోచకపోలేదు. కానీ అందరూ మొదలుపెడితేనే కదా అందరూ మానేది అని సర్దిచెప్పుకున్నాను. మనిషి తన తప్పుని తానే సమర్థించుకునేటప్పుడు ప్లీడర్లు కూడా పనికిరారు.

ఆ తర్వాతి సోమవారం మరియమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి గొంతులో తగువు లేదు. కళ్ళు వాచి ఉన్నాయి.

"నిన్న చర్చిలో పాట ఎత్తుకున్నారండి ఆయన. రెండో చరణానికి దగ్గొచ్చేసిందండి. ఆగలేదండి. పాస్టరు అయ్యగారు ప్రార్థన అయ్యాక పిలిచి, 'ఏంటి దేవదానం, ఒంట్లో బాలేదా?' అన్నారండి. ఈయన అబద్ధం ఆడరు కదండీ. 'చుట్ట కాలుస్తన్నానండి అయ్యగారూ, కోడి కోసమండి' అనేశారండి. చర్చంతా నవ్వేసిందండి."

నాకూ నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను. "పోనీలేమ్మా, ఇవాళే మానేయమను. ఈ శనివారం మంచి పుంజుని నేనే ఏరి ఇస్తాను."

"మానట్లేదండి."

"అంటే?"

"కోడి వద్దంటన్నారండి. చుట్టే కావాలంటన్నారు. పొద్దున్నే లేచి ముందు చుట్ట కోసం చెయ్యి తడుముతున్నారండి." చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "నేనే చెడగొట్టుకున్నానండి. మిమ్మల్ని అనడానికి లేదు."

అనడానికి లేదు అనేటప్పుడే మనిషికి ఎక్కువ తగులుతుంది. ఆ నాలుగు రోజులూ అన్నం సహించలేదు. పథకం ఆపేస్తున్నానని శనివారం అందరికీ చెప్పి, అప్పటికే చెప్పి పెట్టిన కోళ్ళని పంచేసి, చేతులు దులుపుకుందామనుకున్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, నాకు లంక చుట్ట మీద పడింది. ఆ శనివారమే ఓనరు గారు చెప్పాపెట్టకుండా వచ్చారు.

కారు దిగేసరికి షెడ్డు నిండా పొగ. శనివారం పరీక్ష కదా, అంతకుముందే ఆఖరిసారి కాల్చుకుందామని తలా ఒకటి వెలిగించారు. పొగలోంచి కోళ్ళ అరుపులు. ఎవరో బుట్ట మూత సరిగ్గా వేయలేదు. చేపల మీద కోళ్ళు, కోళ్ళ వెంట మనుషులు.

"ఏమయ్యా మేనేజరూ, మనం లారీల్లో పంపేది చేపలేనా?" అన్నారు ఓనరు గారు. నేను నోరు పైకెత్తి నిలబడ్డాను. అద్దం లేదు గానీ, అచ్చం బొచ్చెలా ఉండి ఉంటాను.

"పొగ మాన్పించే పథకమండి," అన్నాను.

"మాన్పించేదా?" చుట్టూ చూశారు. "మరి ఇటుకబట్టీ ఎందుకు పెట్టావు?"

అప్పుడు కాటా దగ్గర నుంచి సత్యం గారు వచ్చారు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నారు.

"బాబుని ఏమీ అనకండి. నా దగ్గు చూడలేక చేశారండి ఇదంతా. తప్పు నాదండి. మొదటి వారం నేను మానలేదు. జామాకు నమిలి మోసం చేశాను."

"కోడి కోసమా?" అన్నారు ఓనరు గారు.

"నాకు దవడ పళ్ళు లేవండి. నాటుకోడి ఏం నమల్తాను? పక్కింటోళ్ళకి ఇచ్చేశాను. బాబు ముచ్చటపడ్డారు కదా, చిన్నబుచ్చుకుంటారని ఊదానండి."

నాకు తల ఎత్తాలనిపించలేదు. ఆయన నా వైపు కాదు, ట్రేల వెనక నక్కి నిలబడ్డ దేవదానం వైపు తిరిగారు.

"నలభై ఏళ్ళు కాల్చానయ్యా. నా కొడుక్కి నేర్పలేదు. తమ్ముడికి నేర్పలేదు. అంత పాట పాడే గొంతు, నీకు నేర్పాను. పందెం కట్టినట్టు నేర్పాను." మొలలోంచి చుట్టల కట్ట తీశారు. మురుగు కాలవలో పడేశారు. "నేను ఇదిగో మానేశాను. నువ్వు మాన్తావా, లేకపోతే రోజూ నీ ఎదురుగా కూర్చుని దగ్గమంటావా?"

దేవదానం చెవి మీద పెట్టుకున్న చుట్ట తీసి అదే కాలవలో వేశాడు. వేసి, అది మునిగేదాకా చూశాడు. ఎంత ఇష్టంగా చూశాడంటే, మరియమ్మ వచ్చి మొహం పక్కకి తిప్పాల్సొచ్చింది.

ఓనరు గారు తీర్పు చెప్పారు. "కోళ్ళు అందరికీ పంచెయ్. ముందు అసలు కాల్చనివాళ్ళకి ఇయ్. ఇంకోసారి నీ నోట ఆరోగ్యం అన్న మాట వినపడిందో, మీ గూడెం బస్సు నేనే ఎక్కిస్తాను." పోతూ పోతూ రెండు పుంజుల్ని తన కారు డిక్కీలో పెట్టించుకున్నారు. ఆయన ఏం మానారో నేను అడగలేదు.

మరియమ్మ కోడి ముట్టుకోలేదు. "మాకొద్దండి" అని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి గురుశిష్యులిద్దరూ మధ్యాహ్నం జామచెట్టు కింద కూర్చునేవాళ్ళు. చెరో బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, పోలీసూ దొంగా ఒకే బెంచీ మీద కూర్చున్నట్టుండేవాళ్ళు. దేవదానం రెండుసార్లు జారాడు. సత్యం గారు ఒకసారి జారి, ఆ సంగతి తనే వచ్చి చెప్పి, పొద్దస్తమానం ఎవరితోనూ మాట్లాడలేదు. నేను కూడా పోయి వాళ్ళ మధ్య కూర్చునేవాణ్ణి. బెల్లం తిని నేను లావెక్కాను. అంతకన్నా నా వల్ల జరిగిన మేలు లేదు. జామచెట్టు చిగురు వేసేసరికి సత్యం గారు "నలభై రెండు!" అంటే మధ్యలో దగ్గు లేకుండా రైలు గేటు దాకా వినపడింది.

అప్పుడు మరియమ్మ నా గదికి వచ్చింది.

"ఏవండీ, మా ఆయన నిజంగా కాల్చారా లేదాండి?"

"కాల్చాడమ్మా."

"నిజంగా మానేశారా లేదాండి?"

"మానేశాడు."

"మరి కోడేదండి?"

ఆ లాపాయింటుకి ప్లీడర్లు కూడా దండం పెడతారు. ఆ ఆదివారం నేనే ఒక కోడిని చంకన పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. దేవదానం పొద్దున చర్చిలో మూడు చరణాలూ పాడి వచ్చాడట, మొహం వెలిగిపోతోంది. మరియమ్మ పులుసు పెట్టి, గారెలు వేసి, సత్యం గారిని కూడా పిలిచింది. ఆయన ముక్కలన్నీ నా పళ్ళెంలో వేసి, పులుసులో గారె నానబెట్టుకుని తింటున్నారు. ఇంతకన్నా సుఖం ఏముంటుంది, ఎలాగైతేనేం కథ మంచిగా ముగిసింది అనుకున్నాను.

సత్యం గారు నా వైపు వంగి మెల్లగా అడిగారు: "బాబూ, మందు మానినోళ్ళకి మేకపోతు ఇస్తారంట కదండీ?"

నేను ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. "ఎవరన్నారండీ? నేనెప్పుడూ అనలేదే!"

"మీరు అనలేదండి. షెడ్డులో అనుకుంటన్నారు." ఇంకో గారె పులుసులో ముంచారు. "అప్పుడే ముగ్గురు మొదలెట్టేశారండి."

అందుకని ఆ పులుసన్నం మీద చెయ్యి పెట్టి, ఆ ఇంట్లో ఉన్న ముగ్గురి సాక్షిగా నేను చేసిన ప్రమాణమిది. ఈ జన్మలో ఏ మనిషికీ, ఏ అలవాటూ మానమని ఏ బహుమతీ ప్రకటించను. మానాలనుకున్నవాడి పక్కన కూర్చుంటాను. బెల్లం నేనే తెస్తాను. జారితే తిట్టను, దగ్గితే వీపు నిమురుతాను. అంతకుమించి ఎవరైనా నా చేత ఇంకేదైనా ఇప్పించాలని చూస్తే, 'ఊరుకో, ఊరుకుంటే ఏదైనా ఇస్తాను' అని మాత్రం చచ్చినా అనను.